అడగకముందే వెళ్లిపోతోంది: పాత ఫోన్‌తో ఒక ప్రాజెక్టు డైరీ

ఆదివారం, సామాను సర్దుకోవడం

పని ఒక్కటే. పిల్లలు ఆడే ఉచిత గేమ్‌లు, ఇంట్లో అందరూ వాడే చిన్నాచితకా యాప్‌లు మనల్ని అడగకుండా ఏమేం బయటికి పంపుతున్నాయో దారిలోనే పట్టుకుని చూడాలి. ప్రైవసీ పాలసీ చదివితే సరిపోదా అని ఆఫీసులో ఒకాయన అడిగాడు. చదివాను. “సేకరించవచ్చు”, “భాగస్వాములతో పంచుకోవచ్చు” అని రాసుంటుంది. నిన్న రాత్రి ఫలానా ఫోన్‌లోంచి ఏం పోయిందో అందులో ఎక్కడా ఉండదు.

నేను హనుమకొండలో ఒక బ్రాడ్‌బ్యాండ్ ఆఫీసులో నెట్‌వర్క్ పని చేస్తాను. కస్టమర్ లైన్‌లో ఏం నడుస్తోందో మేం తెరిచి చూడం, చూడకూడదు కూడా. ఇంట్లో నా ఫోన్, నా వైఫై, నా డమ్మీ అకౌంటు మీద ఆ అడ్డు లేదు. కాబట్టి ఈ ప్రాజెక్టుకు పెట్టుకున్న రూలు కూడా అదే: నాది కాని ఫోన్ ఈ వైఫైకి కనెక్ట్ అవ్వదు. ఇంటికొచ్చిన చుట్టాలకు వేరే వైఫై ఉంది.

సామాను: అల్మారాలో పడి ఉన్న ఆండ్రాయిడ్ 10 ఫోన్, రాస్ప్‌బెర్రీ పై 4 అనే అరచేతిలో పట్టే కంప్యూటర్ బోర్డు, పాత ల్యాప్‌టాప్. ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేసి, రూట్ చేసి (అంటే సిస్టమ్ ఫైళ్లు కూడా మార్చే అధికారం తీసుకుని), ఈ పనికోసమే తెరిచిన మెయిల్‌తో లాగిన్ అయ్యాను. బోర్డును వైఫై హాట్‌స్పాట్‌గా మార్చాను. ఫోన్ నుంచి బయటికి వెళ్లేది ఏదైనా ఆ బోర్డు గుండానే పోవాలి.

తర్వాత ఎరలు వేశాను. కాంటాక్ట్స్‌లో “జిలేబీరావు పకోడీవాడ” లాంటి పేర్లు కొన్ని పెట్టాను. లోకంలో ఎవరికీ ఉండని పేర్లు. భద్రకాళి చెరువు గట్టు మీద లొకేషన్ ఆన్ చేసి తీసిన ఫొటో ఒకటి గ్యాలరీలో వేశాను. బయటికి పోయే డేటాలో జిలేబీరావు కనిపించాడంటే కాంటాక్ట్స్ పోయినట్టు, చెరువు అక్షాంశ రేఖాంశాలు కనిపించాయంటే ఫొటో తెరిచి చూసినట్టు. చాలా కంపెనీలు పేర్లను, మెయిల్‌ను ఉన్నదున్నట్టు పంపవు, హాష్ చేసి, అంటే వెనక్కి విప్పడానికి వీల్లేని అక్షరాల వరుసగా మార్చి పంపుతాయి. అందుకని ప్రతి ఎరకూ ఎండీ5, షా-1, షా-256 అనే హాష్ రూపాలు ముందే లెక్కగట్టి, వెతకడానికి ఒక చిన్న పైథాన్ స్క్రిప్టు రాసిపెట్టుకున్నాను.

మంగళవారం రాత్రి, ఖాళీ ఫోన్

ఏ యాప్ వేయకముందు ఫోన్ ఊరికే పడి ఉంటే ఏం మాట్లాడుతుందో తెలియాలి. లేకపోతే తర్వాత ఏది గేమ్ చేసిందో, ఏది ఫోన్ చేసిందో తేలదు. ఫోన్ ఏయే సర్వర్ల కోసం అడుగుతోందో రాసిపెట్టే, కావాలంటే యాడ్ సర్వర్లను ఆపే పై-హోల్ అనే ప్రోగ్రామును బోర్డు మీద వేసి, సర్వర్ పేర్ల లాగ్ మాత్రమే తెల్లారేదాకా నడిపించాను.

ఎవరూ ముట్టుకోని ఫోన్ రాత్రంతా మాట్లాడుతూనే ఉంది. గూగుల్ సర్వర్లు, ఫోన్ కంపెనీ సర్వర్లు, ఫోన్‌తోపాటే వచ్చి తీసేయడానికి వీల్లేని రెండు మూడు యాప్‌ల సర్వర్లు. డబ్లిన్ ట్రినిటీ కాలేజీలో డగ్లస్ లీత్ 2021లో ఆండ్రాయిడ్ ఫోన్‌నీ ఐఫోన్‌నీ ఇలాగే కొలిచారు. వాడకుండా వదిలేసినా సగటున 4.5 నిమిషాలకోసారి తమ కంపెనీకి సమాచారం పంపుతున్నాయని తేల్చారు. నా లాగ్ చూశాక ఆ అంకె అతిగా అనిపించలేదు. ఈ జాబితాను ఒక ఫైల్‌లో దాచాను. ఇకనుంచి వచ్చే లాగ్‌లోంచి దీన్ని తీసేసి, మిగిలింది చూడటమే.

శుక్రవారం, సర్టిఫికెట్ తలనొప్పి

పై-హోల్‌తో ఎవరికి పోతోందో తెలుస్తుంది, ఏం పోతోందో తెలియదు. లోపల చూడాలంటే మిట్‌మ్‌ప్రాక్సీ కావాలి. అది ఫోన్‌కూ సర్వర్‌కూ మధ్య కూర్చుని, తన సొంత సర్టిఫికెట్ (నేనే ఆ సర్వర్‌ను అని చూపే గుర్తింపు కార్డు లాంటిది) చూపించి, తాళం విప్పి, చూసి, మళ్లీ తాళం వేసి పంపుతుంది. ఫోన్ ఆ సర్టిఫికెట్‌ను నమ్మాలి. 2016లో వచ్చిన ఆండ్రాయిడ్ 7 నుంచి, మనం చేత్తో వేసిన సర్టిఫికెట్‌ను యాప్‌లు మామూలుగా నమ్మవు. మంచి నిర్ణయమే. ఎవడో ఒకడు మన ఫోన్‌లో దొంగ సర్టిఫికెట్ వేసి బ్యాంకు లావాదేవీలు చదవకుండా ఆపేది ఇదే. కాకపోతే సొంత ఫోన్‌లోంచి ఏం పోతోందో చూసుకోవాలన్నా ఇదే అడ్డు. ఫోన్ రూట్ చేసింది అందుకే. సర్టిఫికెట్‌ను సిస్టమ్ ఫోల్డర్‌లోకి ఎక్కించాక చాలావరకు తెరుచుకుంది.

కొన్ని యాప్‌లు అప్పటికీ తెరుచుకోలేదు. తమ సర్వర్ సర్టిఫికెట్ ఏదో తమలోనే రాసిపెట్టుకుని, వేరేది కనిపిస్తే లైన్ కట్ చేస్తాయి. వాటికి ఫ్రిడా అనే పనిముట్టు ఉంది, నడుస్తున్న యాప్‌లో ఆ తనిఖీని దాటేస్తుంది. దాంతో కొన్ని లొంగాయి, కొన్ని లేదు. లొంగనివాటి జోలికి పోలేదు. ఉచిత గేమ్‌లలో ఈ బాధ తక్కువ, ఎవరూ అంత కష్టపడి తాళం వేసుకోలేదు.

ఆదివారం, మొదటి పట్టు

బొమ్మలకు రంగులేసే పిల్లల గేమ్ ఒకటి వేశాను. పేరు రాయను, దీనికంటే మంచివీ చెడ్డవీ చాలా ఉన్నాయి. ఇన్‌స్టాల్ అయింది. తెరిచాను. ఏనుగు బొమ్మ, సంగీతం, “నీ పుట్టిన సంవత్సరం ఎంత?” అని చక్రం తిప్పే స్క్రీన్. నేను చేయి పెట్టలేదు. ఫోన్ బల్ల మీద పెట్టి ల్యాప్‌టాప్ వైపు చూశాను.

వయసు అడుగుతున్న స్క్రీన్ ఇంకా అలాగే ఉంది. ఈలోపు అరడజను పైగా సర్వర్లకు రిక్వెస్టులు వెళ్లిపోయాయి. గేమ్ కంపెనీ సర్వర్ వాటిలో ఒక్కటే. మిగతావన్నీ యాడ్ కంపెనీలు, యాప్ ఎవరు ఎలా వాడుతున్నారో లెక్కగట్టే కంపెనీలు. ఏడేళ్ల పిల్లా, ముప్పై ఏళ్ల మనిషా అని అడగడం పూర్తికాకముందే ఫోన్ యాడ్ ఐడీ వాళ్లందరి దగ్గరికీ చేరిపోయింది.

యాడ్ ఐడీ అంటే గూగుల్ ప్రతి ఫోన్‌కూ ఇచ్చే పొడవాటి నంబరు. అందులో పేరుండదు, ఊరుండదు. కానీ రంగుల గేమ్‌కీ, అమ్మ చూసే వంటల యాప్‌కీ, నాన్న చూసే క్రికెట్ యాప్‌కీ ఒకే ఫోన్‌లో ఒకే నంబరు కనిపిస్తుంది. అన్ని యాప్‌లలోనూ కూర్చున్న యాడ్ కంపెనీకి ఆ నంబరే దారం. దానికి అన్నీ గుచ్చుకుంటూ పోవచ్చు.

ఇది నేనేదో కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. ప్రైవసీ ఇంటర్నేషనల్ అనే లండన్ సంస్థ 2018 డిసెంబరులో 34 ఆండ్రాయిడ్ యాప్‌లను ఇలాగే మిట్‌మ్‌ప్రాక్సీతోనే పరీక్షించింది. వాటిలో కనీసం 61 శాతం, తెరిచిన క్షణంలోనే ఫేస్‌బుక్‌కు సమాచారం పంపాయి. ఫేస్‌బుక్ అకౌంటు లేనివాళ్ల ఫోన్ల నుంచి కూడా. ఆ నివేదిక అప్పుడెప్పుడో చదివాను. చదవడం వేరు, మన బల్ల మీద ఏనుగు బొమ్మ నవ్వుతుంటే పక్కన లైన్లు పారడం చూడటం వేరు.

అదే వారం, పర్మిషన్ అక్కర్లేనివి

మొదటి పట్టులో ఏముందో కూర్చుని చదివాను. చాలావరకు జేసన్ అనే టెక్స్ట్ రూపం, కొంత కుదించినది, విప్పుకోవాల్సి వచ్చింది. గేమ్‌కు నేను ఒక్క పర్మిషన్ కూడా ఇవ్వలేదు. అది అడగనూ లేదు. అయినా పోయినవి ఇవి: యాడ్ ఐడీ, ఫోన్ మోడల్, ఆండ్రాయిడ్ వెర్షన్, స్క్రీన్ కొలతలు, మొత్తం మెమరీ, ఖాళీ మెమరీ, బ్యాటరీ శాతం, చార్జర్ పెట్టి ఉందా లేదా, టైమ్ జోన్, ఫోన్ చివరిసారి ఎప్పుడు ఆన్ అయిందో ఆ సమయం, సిమ్ వేసి చూసినప్పుడు సిమ్ కంపెనీ పేరు, ఫోన్ భాష.

2015లో ఆండ్రాయిడ్ 6 వచ్చినప్పటి నుంచి యాప్‌లు వాడే సమయంలో కెమెరాకో, కాంటాక్ట్స్‌కో “అనుమతించాలా?” అని అడుగుతున్నాయి. అప్పటి నుంచి మనందరికీ ఒక నమ్మకం కుదిరిపోయింది, ఆ పెట్టెలో వద్దు అంటే ఏమీ పోదని. ఆ పెట్టె కాపలా కాసేవి కొన్నే. పైన రాసిన జాబితాలో ఏ ఒక్కదానికీ ఆ పెట్టె రాదు. వద్దు అనే అవకాశమే లేదు.

భాష సంగతి దగ్గర కాసేపు ఆగాను. నా టెస్ట్ ఫోన్ తెలుగులో పెట్టాను. ప్రతి రిక్వెస్టులోనూ తెలుగు-ఇండియా అన్న గుర్తు పోతోంది. ఫలానా మోడల్, ఫలానా స్క్రీన్, ఫలానా సిమ్, ఈ సమయానికి ఆన్ అయిన ఫోన్ అని గుంపును తగ్గించుకుంటూ వచ్చేవాడికి, ఇంగ్లీషులో ఉన్న ఫోన్ కంటే తెలుగులో ఉన్న ఫోన్‌ను ఏరడం తేలిక. సిటీలో ఫోన్‌ను తెలుగులో పెట్టుకునేవాళ్లు ఎంతమంది కనిపిస్తారో మనకు తెలుసు. యాడ్ ఐడీ లేకపోయినా ఇలాంటి చిల్లర వివరాలన్నీ కలిపి ఒక ఫోన్‌ను గుర్తుపట్టడాన్నే ఫింగర్‌ప్రింటింగ్ అంటారు. మన భాషలో ఫోన్ వాడుకుంటే ఇంకాస్త బాగా దొరికిపోతామన్నది నాకైతే మింగుడుపడలేదు.

గురువారం, లొకేషన్ వేట

ఈసారి వాతావరణం యాప్, ఒక కార్ రేస్ గేమ్. రెండింటికీ లొకేషన్ ఇవ్వనన్నాను. భద్రకాళి చెరువు ఫొటో కోసం లాగ్ అంతా వెతికాను. పోలేదు. జిలేబీరావు కూడా పోలేదు. మంచిదే.

గేమ్ పంపిన డేటాలో ఒక గడి ఉంది, వైఫై రూటర్ గుర్తింపు సంఖ్య కోసం. అందులో 02 తర్వాత అన్నీ సున్నాలు. అంటే యాప్ ఆ సంఖ్య అడిగింది, లొకేషన్ పర్మిషన్ లేదు కాబట్టి ఆండ్రాయిడ్ ఉత్తుత్తి సంఖ్య చేతిలో పెట్టి పంపింది. రూటర్ సంఖ్యతో ఏం పని అనుకోవచ్చు. ఏ రూటర్ ఏ వీధిలో ఉందో పట్టికలు తయారై ఉన్నాయి. సంఖ్య దొరికితే జీపీఎస్ లేకుండానే ఇల్లు దొరుకుతుంది.

ఈ తలుపు పాత ఆండ్రాయిడ్‌లలో తెరిచే ఉండేది. బెంగళూరు కేంద్రంగా ఎదిగిన ఇన్‌మొబీ అనే యాడ్ కంపెనీ ఆ తలుపులోంచే వెళ్లింది. లొకేషన్ వద్దన్నవాళ్ల ఫోన్ల నుంచి కూడా చుట్టుపక్కల వైఫై వివరాలు తీసుకుని వాళ్లెక్కడున్నారో కనిపెట్టిందని, వాళ్లలో పిల్లలూ ఉన్నారని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016 జూన్‌లో ఆరోపించింది. 40 లక్షల డాలర్ల జరిమానా వేసి, కంపెనీ ఆర్థిక పరిస్థితి చూసి 9.5 లక్షలకు తగ్గించింది. మన దేశంలో ఎదిగిన కంపెనీ మీద కేసు అమెరికాలో నడిచింది, అక్కడి పిల్లల ఆన్‌లైన్ ప్రైవసీ చట్టం కింద. ఇక్కడ అప్పటికి అలాంటి చట్టమే లేదు.

తలుపు మూస్తే కిటికీ వెతుక్కునే అలవాటు ఎంత ఉందో 2019లో వచ్చిన ఒక పరిశోధనలో ఉంది. జోయెల్ రియర్డన్, సెర్జ్ ఎగెల్‌మన్ తదితరులు 88 వేలకు పైగా యాప్‌లను పరిశీలించారు. ఫోన్ ఐఎంఈఐ నంబరు చదివే పర్మిషన్ ఉన్న యాప్ ఒకటి ఆ నంబరును మెమరీ కార్డులో దాచిపెట్టిన ఫైల్లో రాస్తుంది. పర్మిషన్ లేని ఇంకో యాప్, అదే కంపెనీ ఎస్‌డీకే (యాప్‌లో అతికించుకునే రెడీమేడ్ కోడ్) ఉంటే, ఆ ఫైల్ తెరిచి చదువుకుంటుంది. చైనా కంపెనీ బైదూ ఎస్‌డీకే ఇలా చేస్తుండగా దొరికింది. ఆండ్రాయిడ్ 10లో ఈ దారులు చాలా మూశారు.  ఇంట్లో ఇప్పటికీ ఆండ్రాయిడ్ 8 ఫోన్ పిల్లలకు ఆడుకోవడానికి ఇచ్చేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. పాత ఫోన్ అంటే మూయని తలుపులున్న ఫోన్.

నవ్వొచ్చిన విషయం ఒకటి. ఐపీ అడ్రస్ బట్టి యాడ్ సర్వర్లు నేను హైదరాబాద్‌లో ఉన్నానని తీర్మానించాయి. హనుమకొండ లైన్లు బయటికి పోయేది హైదరాబాద్ గుండానే మరి. లాగ్ చదువుతుండగానే కొండాపూర్‌లో ఫ్లాట్ కొనమని యాడ్ వచ్చింది.

శనివారం, ఒప్పుకుంటే, ఒప్పుకోకపోతే

“మీ ప్రైవసీ మాకు ముఖ్యం” అనే పెట్టె వచ్చే గేమ్‌లు కొన్ని ఉన్నాయి. రెండు బటన్లు: అంగీకరిస్తున్నాను, ఆప్షన్లు చూడండి. అంగీకరించను అనే బటన్ వెతుక్కోవాలి. ఒకే గేమ్‌ను యాప్ డేటా చెరిపేసి మళ్లీ మళ్లీ వేశాను. ఒకసారి అంగీకరించి, ఒకసారి అన్నీ ఆపేసి, ఒకసారి పెట్టెను ముట్టుకోకుండా వదిలేసి. మూడు లాగ్‌లూ పక్కపక్కన పెట్టి తేడా చూశాను.

సర్వర్ల జాబితా దాదాపు ఒకటే. పోయే వివరాలూ దాదాపు ఒకటే. తేడా వచ్చింది ఒక గడిలో. యాడ్ వేలంపాటకు పంపే రిక్వెస్టులో, ఈ మనిషి ట్రాకింగ్ తగ్గించమన్నాడు అనే చోట 0 బదులు 1 పడింది. అంటే సమాచారం ఎప్పటిలాగే పోయింది, దానిమీద “దయచేసి వాడొద్దు” అని చీటీ అంటించారు. చీటీ చదివి వదిలేసేదీ లేనిదీ అవతలివాళ్ల మర్యాద.

ఈ వేలంపాట గురించి చెప్పాలి. గేమ్ మధ్యలో యాడ్ రావడానికి ముందు, కన్నుమూసి తెరిచేలోపు, ఈ ఫోన్ వివరాలు కొనుగోలుదారుల గుంపుకు వెళ్తాయి. ఎక్కువ ఇచ్చినవాడి యాడ్ కనిపిస్తుంది. ఓడిపోయినవాళ్లకు యాడ్ దక్కదు కానీ వివరాలు మాత్రం అందరికీ అందాయి. ఈ రిక్వెస్టుకు ఓపెన్ ఆర్‌టీబీ అని అందరూ వాడే ఒక నమూనా ఉంది. అందులో అమెరికా పిల్లల చట్టం, కోపా కోసం ప్రత్యేకంగా ఒక గడి ఉంది. పిల్లలైతే 1, కాకపోతే 0. రంగుల గేమ్‌లో నేను 2017లో పుట్టానని చెప్పాక కూడా నా లాగ్‌లో ఆ గడిలో 0 ఉంది.

ఆదివారం, అక్కావాళ్ల ఇల్లు

అక్క కూతురికి ఎనిమిదేళ్లు. నేను చేస్తున్న పని చెప్పి, వయసు అడిగే స్క్రీన్ వస్తే ఏం చేస్తావమ్మా అని అడిగాను.

“1990 పెడతా మామయ్యా.”

“ఎందుకే?”

“చిన్న సంవత్సరం పెడితే గిఫ్ట్ బాక్స్ రాదు. యాడ్ చూస్తే కాయిన్లు ఇస్తుంది కదా, అది కూడా రాదు.”

స్కూల్లో అందరికీ తెలుసట. అక్క వంటింట్లోంచి, “ఒరేయ్, దానికి ఫోన్ ఇవ్వకపోతే అన్నం తినదు, నువ్వు డేటా అంటావ్” అంది.

పిల్ల చెప్పింది ఇంటికొచ్చి పరీక్షించాను. నిజమే. ఆ గేమ్‌లో పదమూడేళ్లలోపు వయసు పెడితే యాడ్ రివార్డులు మాయమవుతాయి. అంటే ఈ గేమ్ కాగితం మీద నిబంధన పాటిస్తోంది. పాటించే తీరు మాత్రం పిల్లకు అబద్ధం చెప్పమని నేర్పేలా ఉంది. 1990 పెట్టగానే తను గేమ్ లెక్కలో పెద్దమనిషి, ఇక ఏం తీసుకున్నా సమ్మతి ఉన్నట్టే.

బుధవారం, డెవలపర్ తమ్ముడు

మా ఆఫీసులో పనిచేసే అన్న వాళ్ల తమ్ముడు కరీంనగర్‌లో ఉంటాడు. తెలుగు అక్షరాలు దిద్దించే గేమ్ ఒకటి యూనిటీ అనే గేమ్‌ల సాఫ్ట్‌వేర్‌లో తయారుచేసి ప్లే స్టోర్‌లో పెట్టాడు. నా ప్రాజెక్టు సంగతి విని, తన గేమ్ కూడా చూడమన్నాడు. కాస్త బెట్టుగానే, “నాది క్లీన్ అన్నా, నేను ఒక్క డేటా కూడా తీసుకోను” అన్నాడు.

లాగ్ చూపించాను. చాలాసేపు మాట్లాడలేదు. “అన్నా, ఈ సర్వర్లేవో కూడా నాకు తెలియదు.”

అతను అబద్ధం చెప్పలేదు. అతని కోడ్‌లో డేటా తీసే లైన్ ఒక్కటీ లేదు. యాడ్స్ కోసం ఒక ఎస్‌డీకే పెట్టాడు, అది తనతోపాటు ఇంకొన్నింటిని లాక్కొచ్చింది. క్రాష్‌లు తెలుసుకోవడానికి ఇంకొకటి పెట్టాడు. ఉచితంగా దొరికేవి, అందరూ వాడేవి, రెండు లైన్లలో అతికేవి. ఎస్‌డీకేలు యాప్ మొదలవగానే తమంతట తామే మొదలవుతాయి, డీఫాల్ట్‌గా అన్నీ ఆన్. ఆపాలంటే డాక్యుమెంటేషన్‌లో ఎక్కడో లోపల రాసుంటుంది.

ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచింది ఇదే. దొంగతనం చేయాలని కూర్చున్నవాళ్లు ఉన్నారు, కాదనను. కానీ నేను చూసిన గేమ్‌లలో ఎక్కువ భాగం ఈ తమ్ముడి లాంటివాళ్లవే. తీసుకోవాలని నిర్ణయించుకున్నవాళ్లు కారు, ఆపాలని నిర్ణయించుకోనివాళ్లు. 2018లో 5,855 పిల్లల ఆండ్రాయిడ్ యాప్‌లను పరీక్షించిన పరిశోధకులు వాటిలో సగానికి పైగా కోపాను ఉల్లంఘిస్తుండవచ్చని రాశారు. ముఖ్య కారణం ఇలాంటి ఎస్‌డీకేలే. అందులో ఇంకో మాట ఉంది: 19 శాతం యాప్‌లు, “మా ఎస్‌డీకే పిల్లల యాప్‌లలో వాడకూడదు” అని షరతుల్లోనే రాసిన ఎస్‌డీకేల ద్వారా సమాచారం తీసుకుంటున్నాయి. షరతులు తమ్ముడూ చదవలేదు. నేనైనా చదివేవాడిని కాదేమో.

పెద్ద కంపెనీలకు ఈ సాకు చెల్లదు. ఫోర్ట్‌నైట్ తయారుచేసిన ఎపిక్ గేమ్స్ మీద 2022 డిసెంబరులో అమెరికాలో తేలిన కేసులో, పిల్లల డేటా తల్లిదండ్రులను అడగకుండా తీసుకోవడంతోపాటు, వాయిస్ చాట్, టెక్స్ట్ చాట్ డీఫాల్ట్‌గా ఆన్‌లో పెట్టడం కూడా తప్పుల్లో ఉంది. పిల్లల చట్టం కింద పడిన జరిమానా 27.5 కోట్ల డాలర్లు. డీఫాల్ట్ కూడా ఒక నిర్ణయమే అని అక్కడ ఒప్పుకున్నట్టయింది.

ఆ తర్వాతి శనివారం, లైన్ల వరుస మార్చడం

తమ్ముడు ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చాడు. ఇద్దరం డాక్యుమెంటేషన్ తీసి కూర్చున్నాం. మార్పులు చిన్నవే. ఎస్‌డీకేలు తమంతట తాము మొదలవకుండా ఆపాం. వయసు స్క్రీన్‌ను అన్నిటికంటే ముందుకు తెచ్చాం. “ఇది పిల్లల యాప్” అని యాడ్ ఎస్‌డీకేకు చెప్పే సెట్టింగ్, ఎస్‌డీకే మొదలవకముందే చెప్పాలి, తర్వాత చెప్తే మొదటి రిక్వెస్టులు పోయాకే దానికి తెలుస్తుంది. యాడ్ ఐడీ చదివే పర్మిషన్‌ను, యాప్‌కు ఏయే పర్మిషన్లు కావాలో రాసుండే మ్యానిఫెస్ట్ ఫైల్‌లోంచి తీసేశాం. అది మనం రాయకపోయినా ఎస్‌డీకే తనంతట తనే చేరుస్తుంది, తీసేయమని ప్రత్యేకంగా రాయాలి. ఆండ్రాయిడ్ 13ని గానీ అంతకంటే కొత్త వెర్షన్‌ను గానీ లక్ష్యంగా పెట్టుకుని తయారైన యాప్‌లకు ఇది పనిచేస్తుంది. ఇన్ని గేమ్‌లు మొదటి క్షణంలోనే ఎందుకు పంపుతున్నాయో అడిగితే, ఎక్కువసార్లు సమాధానం లైన్ల వరుస.

కొత్త బిల్డ్ టెస్ట్ ఫోన్‌లో వేశాం. తెరిచాం. అ, ఆ, ఇ, ఈ గాలిలో ఎగిరాయి, వయసు స్క్రీన్ వచ్చింది, ల్యాప్‌టాప్ మీద ఏమీ కదల్లేదు. తమ్ముడు ఫోన్ పట్టుకుని అలా కూర్చున్నాడు, నేను వైఫై కనెక్ట్ అయి ఉందా లేదా అని చూసుకున్నాను. ఉంది. ఆరేళ్ల వయసు పెట్టి ముందుకు పోతే ఒక్క యాడ్ సర్వర్‌కు రిక్వెస్టు పోయింది, పిల్లల గడిలో 1 ఉంది. ఆండ్రాయిడ్ 13 ఉన్న నా సొంత ఫోన్‌ను కూడా ఈ వైఫైకి తెచ్చి చూస్తే యాడ్ ఐడీ చోట అన్నీ సున్నాలు.

యాడ్ డబ్బులు తగ్గుతాయి. పిల్లల యాడ్‌లకు రేటు తక్కువ. ఆ సంగతి తమ్ముడికి తెలుసు. ఎంత తగ్గుతాయో నెల చూసి చెప్తానన్నాడు.

ఒక రాత్రి, లోన్ యాప్ పొట్ట కోసి

ఇది ప్రాజెక్టులో లేని పని. తెలిసినాయన వాట్సాప్‌లో వచ్చిన లోన్ యాప్ లింకు పంపి, వేసుకోవచ్చా అని అడిగాడు. దాన్ని నడపాలంటే ఓటీపీ, నిజమైన నంబరు కావాలి, ఇవ్వదలుచుకోలేదు. యాప్ ఫైల్‌ను జేడాక్స్ అనే పనిముట్టుతో విప్పి కోడ్ చదివాను. కాంటాక్ట్స్, ఎస్‌ఎంఎస్‌లు, ఫోన్‌లో ఉన్న యాప్‌లన్నిటి జాబితా: మూడు పర్మిషన్లూ కోరింది. కాంటాక్ట్స్ అన్నీ ఒక జాబితాగా పేర్చి అప్‌లోడ్ చేసే కోడ్ కనిపించింది. కోడ్‌లో ఉన్నంత మాత్రాన పంపుతోందని రుజువు కాదు. వేసుకోవద్దని చెప్పడానికి అంత చాలు.

2020 డిసెంబరులో హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు లోన్ యాప్ కాల్ సెంటర్ల మీద దాడులు చేసిన రోజులు మనవాళ్లకు గుర్తే. అప్పు తీసుకున్నవాడి కాంటాక్ట్స్‌లో ఉన్న బంధువులకు, ఆఫీసువాళ్లకు ఫోన్లు చేసి, ఫొటోలు పంపి పరువు తీశారు, ప్రాణాలు పోయాయి. డేటా పోతే పోయింది, నా దగ్గర దాచడానికేముంది అనేవాళ్లకు నేను చెప్పే ఉదాహరణ ఇదే. 2022 సెప్టెంబరులో రిజర్వ్ బ్యాంక్ మార్గదర్శకాలు వచ్చాయి. లోన్ యాప్‌లు కాంటాక్ట్స్, కాల్ లాగ్స్, ఫైల్స్ ముట్టుకోకూడదు. కెమెరా, మైక్, లొకేషన్ లాంటివి కేవైసీ కోసం ఒక్కసారి, అదీ స్పష్టంగా అడిగి తీసుకోవాలి. ప్లే స్టోర్ కూడా 2023లో ఈ యాప్‌లకు కాంటాక్ట్స్, ఫొటోలు మూసేసింది. వాట్సాప్ లింకులో వచ్చేవాటికి ప్లే స్టోర్ నిబంధన వర్తించదు. అందుకే అవి లింకుల్లో వస్తున్నాయి.

ఈ వారం, ఎక్కడిదాకా వచ్చింది

రంగుల గేమ్ వాళ్లకు లాగ్ జతచేసి మెయిల్ పెట్టాను. “మీ అభిప్రాయం మాకు విలువైనది” అని ఆటోమేటిక్ జవాబు వచ్చింది. ప్లే స్టోర్ పేజీలో ఆ గేమ్ డేటా సేఫ్టీ భాగంలో, ఇతరులతో ఏ డేటా పంచుకోవడం లేదని రాసుంది. 2022 నుంచి ఉన్న ఈ భాగాన్ని నింపేది డెవలపరే. మోజిల్లా 2023లో 40 ప్రముఖ యాప్‌లలో ఈ లేబుళ్లను వాటి ప్రైవసీ పాలసీలతో పోల్చితే, దాదాపు 80 శాతం యాప్‌లలో తేడాలు కనిపించాయి. నేనైతే దాన్ని చూడటం మానేశాను.

మన డేటా రక్షణ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది. 18 ఏళ్లలోపు అందరూ పిల్లలే, వాళ్లను ట్రాక్ చేయకూడదు, గురిపెట్టి యాడ్‌లు చూపకూడదు, తల్లిదండ్రుల సమ్మతి రుజువుతో ఉండాలి, తప్పితే 200 కోట్ల రూపాయల దాకా జరిమానా. అమెరికా 13 ఏళ్లతో ఆపింది, మనం 18 దాకా వెళ్లాం. నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి, అసలు బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువు ఇచ్చారు. అంటే 2027 మే. అప్పటిదాకా ఈ లాగ్‌లు తేదీలతో సహా దాచి ఉంచుతున్నాను, అప్పుడు ఇవే గేమ్‌లు మళ్లీ పరీక్షించి పోల్చవచ్చు.

అక్కావాళ్ల ఇంట్లో పై-హోల్ బోర్డు ఒకటి పెట్టాను. అక్క ఫోన్‌లో సెట్టింగ్స్, గూగుల్, యాడ్స్ లోకి వెళ్లి యాడ్ ఐడీ డిలీట్ చేశాను. యాప్‌లు సొంతంగా తయారుచేసుకునే నంబర్లు మాత్రం దీంతో పోవు, యాప్ డేటా చెరిపితే మారతాయి. బోర్డు పెట్టాక మేనకోడలి గేమ్‌లో గిఫ్ట్ బాక్స్ రావడం లేదట, రోజూ ఫోన్ చేసి గొడవ. మొబైల్ డేటా ఆన్ చేస్తే వస్తుందని తనకు ఇంకా తెలియదు.

మిగిలిన పనులు: పాత ఐఫోన్ ఒకటి కొనుక్కోవాలి. ఆపిల్ 2021 నుంచి పెట్టిన “ట్రాక్ చేయొద్దని యాప్‌ను అడగు” బటన్ నొక్కాక ఏం మారుతుందో ఇదే పద్ధతిలో చూడాలి. కరీంనగర్ తమ్ముడి నెల లెక్క రావాలి. తను ఇంకో ఇద్దరు డెవలపర్లను పరిచయం చేస్తానన్నాడు, వాళ్ల గేమ్‌లు వచ్చే ఆదివారం బోర్డు మీదికి ఎక్కుతాయి.